కెమెరాకు ఏ మెమరీ కార్డు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

డిజిటల్ కెమెరాల మెమరీ కార్డుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటిని ఈసారి తీసుకున్నాం. ఒకే సందేహాన్ని పలువురు వేర్వేరు మాటల్లో అడిగినచోట వాటిని కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: ఈమధ్యనే ఒక మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. అందులో రెండు స్లాట్లున్నాయి. ఒకదానిలో సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ టైప్‌-బి కార్డు, రెండోదానిలో యూహెచ్‌ఎస్‌-2 ఎస్‌డీ కార్డు పడుతుందని మాన్యువల్‌లో రాశారు. నేను ఎక్కువగా ఎగిరే పక్షులను వరుస షాట్లలో రా ఫార్మాట్‌లో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైళ్లుగా) తీస్తాను, అప్పుడప్పుడు 4కె వీడియో కూడా తీస్తాను. సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కార్డు ధర చూస్తే వెనకాడవలసి వస్తోంది. మంచి ఎస్‌డీ కార్డుతో సరిపెట్టుకోవచ్చా? కార్డు మీద అచ్చువేసిన అన్ని అంకెల్లో, గుర్తుల్లో దేనిని చూసుకోవాలి?

జవాబు: మీ వీడియోకు ఎస్‌డీ కార్డు నిక్షేపంగా సరిపోతుంది, పక్షుల విషయంలో మాత్రం సరిపోకపోవచ్చు. రెండింటికీ తేడా ఎక్కడ వస్తుందో ముందు చూద్దాం.

షటర్ బటన్ నొక్కగానే ఫొటో నేరుగా కార్డులోకి వెళ్లదు. మొదట కెమెరాలోని బఫర్ అనే తాత్కాలిక మెమరీలోకి చేరి, అక్కడి నుంచి కార్డు తీసుకోగలిగినంత వేగంతో కార్డులోకి దిగుతుంది. పైనుంచి పంపు ధారగా పడుతుండగా అడుగున చిన్న తూము ద్వారా ఖాళీ అయ్యే తొట్టిలాంటిదే బఫర్: రాక ఎక్కువై పోక తక్కువైతే అది నిండిపోతుంది, నిండిన క్షణం నుంచి కెమెరా తూము వేగానికే పరిమితమవుతుంది. మీ కెమెరా రా ఫైల్ ఒక్కొక్కటి సుమారు 30 ఎంబీ ఉంటుందనీ, సెకనుకు 10 ఫొటోలు తీస్తుందనీ, బఫర్ 1,500 ఎంబీ పడుతుందనీ అనుకుందాం. అప్పుడు సెకనుకు 300 ఎంబీ వచ్చి పడుతుంది. సెకనుకు నికరంగా 80 ఎంబీ రాసుకునే మామూలు ఎస్‌డీ కార్డు వేస్తే, ప్రతి సెకనుకూ 220 ఎంబీ మిగిలిపోయి దాదాపు 7 సెకన్లలో బఫర్ నిండుతుంది. అంతకంటే చిరాకు తెప్పించేది ఆ తర్వాతి సంగతి. నిండిన బఫర్ పూర్తిగా ఖాళీ కావడానికి సుమారు 19 సెకన్లు పడుతుంది. కొంగ నీటి మీద నుంచి లేచి, తిరిగి, చెట్టు మీద వాలేసరికి కార్డు పక్కనున్న చిన్న దీపం ఇంకా మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. అదే సెకనుకు 250 ఎంబీ రాసే యూహెచ్‌ఎస్‌-2 కార్డయితే మిగులు 50 ఎంబీయే కనుక, ఆపకుండా అరనిమిషం పాటు తీయవచ్చు. సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ టైప్‌-బి కార్డు ఈ 300 ఎంబీని అవలీలగా మింగేస్తుంది కాబట్టి ఈ లెక్కలో బఫర్ నిండనే నిండదు.

కనుక మీరు చూసుకోవలసింది మీ కెమెరా వరుస షాట్ల వేగం, ఫైల్ పరిమాణం, అన్నింటికీ మించి మీరు ఒక్కో విడతలో నిజంగా ఎన్ని సెకన్లపాటు బటన్ నొక్కి ఉంచుతారన్నది. రెండు మూడు సెకన్ల విడతలు తీసి ఆగే అలవాటు మీదైతే యూహెచ్‌ఎస్‌-2 ఎస్‌డీ కార్డు చాలు, ఆ డబ్బు లెన్సు మీద పెట్టడం మేలు. పక్షి దిగేదాకా వదలకుండా తీసేవారైతే సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కొనకుండా ఆ కెమెరా పూర్తి సత్తా చూడలేరు.

ఇక వీడియో సంగతి. ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టించేది బిట్లకూ బైట్లకూ ఉన్న తేడా. కెమెరా మెనూలో కనిపించే వీడియో బిట్‌రేటు మెగాబిట్లలో ఉంటుంది, కార్డు వేగం మెగాబైట్లలో ఉంటుంది. 8 బిట్లు ఒక బైటు కాబట్టి మెనూలోని అంకెను 8తో భాగించాలి. సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియోకు కావలసిన వేగం 12.5 ఎంబీ మాత్రమే. 400 మెగాబిట్లయితే 50 ఎంబీ, 600 మెగాబిట్లయితే 75 ఎంబీ. అయితే వీడియోకు ఈ వేగం ఒక్క క్షణం కూడా తగ్గకూడదు. బఫర్‌లో కాసేపు దాచుకుందామంటే కుదరదు, తగ్గిందంటే రికార్డింగ్ ఆగిపోతుంది. అందుకే వీడియోకు గరిష్ఠ వేగం కాక హామీ ఇచ్చిన కనిష్ఠ వేగం ముఖ్యం.

ఆ హామీని తెలిపేవే కార్డు మీది చిన్న గుర్తులు. ఇంగ్లిష్ సీ అక్షరంలో 10 ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ. యూ అక్షరంలో 1 ఉంటే అదే 10 ఎంబీ, 3 ఉంటే 30 ఎంబీ. వీ పక్కన ఉండే 6, 10, 30, 60, 90 అంకెలకు విడిగా అర్థం వెతకనక్కరలేదు, ఆ అంకే సెకనుకు ఎంబీల్లో కనిష్ఠ వేగం. మీ 4కె వీడియో 100 లేదా 200 మెగాబిట్లలో ఉంటే వీ30 సరిపోతుంది, 400కు వీ60, 600కు వీ90 అవసరం.

వీటికి పక్కనే ఒకటి లేదా రెండు నిలువు గీతలుగా కనిపించే రోమన్ అంకె మరో సంగతి చెబుతుంది. అది యూహెచ్‌ఎస్ తరాన్ని, అంటే కార్డుకూ కెమెరాకూ మధ్యనున్న దారి వెడల్పును సూచిస్తుంది. యూహెచ్‌ఎస్‌-1 దారి పరిమితి సెకనుకు 104 ఎంబీ, యూహెచ్‌ఎస్‌-2 పరిమితి 312 ఎంబీ. కార్డును వెనక్కి తిప్పి చూస్తే సందేహమే ఉండదు: యూహెచ్‌ఎస్‌-2 కార్డుకు మామూలు పిన్నుల వరుస కింద రెండో వరుస కూడా ఉంటుంది. యూ అక్షరంలోని 3ను చూసి దానిని యూహెచ్‌ఎస్‌-3 అనుకునేవారు కోకొల్లలు. యూహెచ్‌ఎస్‌-3 అనే ప్రమాణం కాగితం మీద ఉన్నా, కెమెరా కొనేవారికి దానితో పని పడదు.

అన్నింటికంటే పెద్ద అక్షరాల్లో కనిపించే 170, 200, 300 వంటి అంకెను మాత్రం చివరగా చూడండి. అది సాధారణంగా చదివే వేగం. కంప్యూటర్‌లోకి ఫొటోలు దించుకునేటప్పుడు పనికొస్తుంది తప్ప ఫొటో తీసేటప్పుడు కాదు. పైగా యూహెచ్‌ఎస్‌-1 కార్డు మీద 104కు మించిన అంకె కనిపిస్తే, అది సాధారణంగా అదే తయారీదారు ప్రత్యేక రీడర్‌లో పెట్టినప్పుడు మాత్రమే వచ్చే వేగమని గ్రహించాలి. కెమెరాలో అది 104 దాటదు. రాసే వేగాన్ని ప్యాకెట్ వెనుక చిన్న అక్షరాల్లో వెతుక్కోవలసి రావడం కొనుగోలుదారుకు న్యాయం కాదనే మా అభిప్రాయం, కానీ వెతకక తప్పదు.

సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కొనదలచుకుంటే రెండు జాగ్రత్తలు. మొదటిది, టైప్‌-ఎ, టైప్‌-బి కార్డులు ఒకదాని బదులు మరొకటి పనిచేయవు. టైప్‌-ఎ 20×28 మిల్లీమీటర్ల చిన్న కార్డు. టైప్‌-బి 38.5×29.6 మిల్లీమీటర్లతో దానికంటే బాగా పెద్దది. 2019లో వచ్చిన 2.0 ప్రమాణం ప్రకారం టైప్‌-ఎ గరిష్ఠ వేగం సెకనుకు 1,000 ఎంబీ, టైప్‌-బి వేగం 2,000 ఎంబీ. 2023లో ప్రకటించిన 4.0 ప్రమాణం ఈ రెండింటినీ రెట్టింపు చేసింది గానీ, కెమెరా దానిని సమర్థించకపోతే 4.0 కార్డు పాత వేగంతోనే నడుస్తుంది. రెండోది, చవక రకాల్లో కొన్ని మొదటి కొన్ని సెకన్లు ప్యాకెట్ మీది వేగంతో రాసి, లోపలి తాత్కాలిక భాగం నిండగానే ఒక్కసారిగా నీరసిస్తాయి. అందువల్ల గరిష్ఠ వేగం చూసి మోసపోకుండా, నిలకడగా రాసే వేగాన్ని తయారీదారు విడిగా చెప్పిన కార్డునే ఎంచుకోండి. సినిమా క్లాప్‌ బోర్డు బొమ్మలో 200 లేదా 400 అంకె ఉంటే అది వీపీజీ అనే హామీ, సెకనుకు అన్ని ఎంబీల కంటే వీడియో రాసే వేగం తగ్గదని అర్థం.

రెండు స్లాట్ల గురించి ఒక్క మాట. ప్రతి ఫొటోను రెండు కార్డుల మీదా రాసే బ్యాకప్ పద్ధతిని ఎంచుకుంటే రెండింటిలో నెమ్మదైన కార్డు వేగమే మొత్తం కెమెరా వేగమవుతుంది. ఖరీదైన సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ పక్కన పాత ఎస్‌డీ కార్డు పెట్టి, కెమెరా ఆగిపోతోందని ఫిర్యాదు చేసేవారి ఇబ్బంది చాలాసార్లు ఇదే. పక్షులకు వెళ్లేటప్పుడు రా ఫైళ్లను సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్‌కు, చిన్న జేపెగ్‌లను ఎస్‌డీకి పంపే అమరిక పెట్టుకోండి. ఆ రోజు మళ్లీ రాని వేడుకలకు మాత్రం వేగం పోయినా బ్యాకప్ పద్ధతే పెట్టాలి.

ప్రశ్న: మా ఇంట్లో పాత కాంపాక్ట్ డిజిటల్ కెమెరా ఒకటి ఇంకా చక్కగా పనిచేస్తోంది. దాని ఒంటి మీద ఎస్‌డీహెచ్‌సీ అనే గుర్తు ఉంది. కొత్తగా కొన్న 64 జీబీ ఎస్‌డీ కార్డు పెడితే సరిగ్గా పడుతోంది గానీ, కార్డు ఎర్రర్ అని తెర మీద వస్తోంది. కార్డు చెడిపోయిందా?

జవాబు: కార్డు బాగానే ఉంది, కెమెరా కూడా బాగానే ఉంది, రెండింటి కాలాలు కలవడం లేదు. 1999లో ప్రకటించిన ఎస్‌డీ కార్డు బయటి ఆకారం ఇప్పటికీ 32×24×2.1 మిల్లీమీటర్లే కావడం వల్ల ఏ కార్డయినా ఏ కెమెరాలోనైనా దూరిపోతుంది. లోపలి లెక్కలు మాత్రం మారుతూ వచ్చాయి. తొలి ఎస్‌డీ కార్డులు 2 జీబీ వరకే. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ 32 జీబీ వరకు, 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ 2 టీబీ వరకు, 2018లో వచ్చిన ఎస్‌డీయూసీ 128 టీబీ వరకు ఉద్దేశించినవి. ఎస్‌డీహెచ్‌సీ కార్డులు ఫ్యాట్‌32 పద్ధతిలో, ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫైళ్లను అమర్చుకుంటాయి. మీ 64 జీబీ కార్డు ఎస్‌డీఎక్స్‌సీ కనుక, దానిలోని ఎక్స్‌ఫ్యాట్ భాష మీ కెమెరాకు తెలియదు.

కొత్త కెమెరాలు పాత కార్డులను తీసుకుంటాయి, పాత కెమెరాలు కొత్త కార్డులను తీసుకోవు అని గుర్తుంచుకుంటే చాలు. మీరు 32 జీబీ లేదా అంతకు తక్కువ ఎస్‌డీహెచ్‌సీ కార్డు తెచ్చుకోండి. 64 జీబీ కార్డును కంప్యూటర్‌లో ఫ్యాట్‌32గా మార్చి పాత కెమెరాలో వాడేవారున్నారు. కొన్నింటిలో పనిచేస్తుంది కూడా, కానీ తయారీదారు హామీ ఇవ్వని పని కనుక తిరిగి తీయలేని ఫొటోలను దానికి అప్పగించకూడదు.

ఇదే విషయాన్ని ఇంకా పాత కెమెరాల గురించి అడిగినవారికి కూడా చెప్పాలి. కాంపాక్ట్‌ఫ్లాష్ కెమెరాలకు కార్డులు ఇంకా దొరుకుతున్నాయి. 1994లో శాన్‌డిస్క్ తెచ్చిన ఆ కార్డుకు 50 రంధ్రాలు, కెమెరా లోపల 50 సన్నని పిన్నులు ఉంటాయి. కార్డును ఏటవాలుగా తోస్తే ఒక పిన్ను వంగిపోతుంది, తర్వాత ఏ కార్డూ పనిచేయదు. బిగుసుగా అనిపిస్తే బలవంతం చేయకుండా బయటికి తీసి, స్లాట్‌లోకి టార్చి వేసి చూడండి. ఒలింపస్, ఫుజీఫిల్మ్ 2002లో తెచ్చిన ఎక్స్‌డీ కార్డుకు 2 జీబీ, అంతకుముందున్న స్మార్ట్‌మీడియాకు 128 ఎంబీ ఆఖరి పరిమితి. ఈ రెండింటి తయారీ ఆగిపోయింది, పాత సరుకే దిక్కు. అలాంటి కెమెరాను ముచ్చటగా దాచుకోండి తప్ప, దాని కోసం కార్డుకు ఎక్కువ డబ్బు పోయకండి.

ప్రశ్న: ఫోన్‌లో వాడే మైక్రో ఎస్‌డీ కార్డును అడాప్టర్‌లో పెట్టి కెమెరాలో వాడితే నష్టమేమైనా ఉందా? ఆ కార్డు మీద ఎ2 అనే గుర్తు కూడా ఉంది.

జవాబు: అడాప్టర్‌లో చిప్పు అంటూ ఏదీ ఉండదు, అది ఒకవైపు పిన్నులను మరోవైపు పిన్నులకు కలిపే తీగల అమరిక మాత్రమే. అందువల్ల వేగం దానివల్ల తగ్గదు గానీ, కార్డుకూ అడాప్టర్‌కూ మధ్య ఒకటి, అడాప్టర్‌కూ కెమెరాకూ మధ్య ఒకటి, ఇలా ఒక్క కలయిక ఉండవలసినచోట రెండు వస్తాయి. దుమ్ము, తేమ, వదులు ఏర్పడే చోట్లు రెట్టింపవుతాయి. అప్పుడప్పుడు అవసరానికి వాడుకోండి, రోజువారీ పనికి మాత్రం పూర్తి సైజు ఎస్‌డీ కార్డే పెట్టండి. ఎ1, ఎ2 గుర్తులు ఫోన్‌లోని యాప్‌లు కార్డు మీద చిన్న చిన్న ముక్కలను ఎంత చురుగ్గా చదివి రాయగలవో తెలిపేవి. వరుసగా పెద్ద ఫైళ్లు రాసే కెమెరాకు వాటితో ఒరిగేదేమీ లేదు.

ప్రశ్న: 512 జీబీ కార్డు ఒకటి మేలా, 128 జీబీవి నాలుగు మేలా?

జవాబు: నాలుగే మేలు. పోగొట్టుకున్నా, చెడిపోయినా నాలుగో వంతే పోతుంది. అయితే సుదీర్ఘంగా వీడియో తీసేవారికి మధ్యలో కార్డు మార్చే వీలుండదు కాబట్టి వారు లెక్క వేసుకోవాలి: సెకనుకు 100 మెగాబిట్ల వీడియో నిమిషానికి 750 ఎంబీ తీసుకుంటుంది కనుక 128 జీబీ కార్డులో సుమారు 170 నిమిషాలు పడుతుంది. 400 మెగాబిట్లకు అది 43 నిమిషాలు దాటదు.

ప్రశ్న: తక్కువ ధరకు వచ్చిందని 128 జీబీ కార్డు కొన్నాను. కంప్యూటర్‌లో 119 జీబీ అనే చూపిస్తోంది. మొదట్లో తీసిన ఫొటోలన్నీ తెరుచుకుంటున్నాయి, ఆ తర్వాత తీసినవి సగం బూడిదరంగు పట్టీలతో వస్తున్నాయి, కొన్ని అసలు తెరుచుకోవడమే లేదు. నకిలీదా?

జవాబు: 119 జీబీ చూపించడం తప్పు కాదు. తయారీదారులు జీబీని 100 కోట్ల బైట్లుగా లెక్కిస్తారు, విండోస్ 1,024 చొప్పున హెచ్చవేసి లెక్కిస్తుంది కనుక అసలైన 128 జీబీ కార్డు కూడా అక్కడ 119గానే కనబడుతుంది. మీ రెండో లక్షణం మాత్రం నకిలీ కార్డుల్లో మామూలుగా కనిపించేదే. 8 లేదా 16 జీబీ చిప్పు పెట్టి, లోపలి ఫర్మ్‌వేర్‌ను, అంటే కార్డును నడిపే ప్రోగ్రామ్‌ను, మార్చి, అది తనను తాను 128 జీబీ కార్డుగా చెప్పుకునేలా చేస్తారు. కెమెరా ఆ మాట నమ్మి రాస్తూ పోతుంది. అసలు సామర్థ్యం అయిపోయిన తర్వాత రాసినవి గాలికి పోతాయి, లేదా పాత ఫొటోల మీదే పడి వాటిని కూడా చెరుపుతాయి. ఏ హెచ్చరికా రాకపోవడమే ఇందులోని అసలు ప్రమాదం.

ముందు తెరుచుకుంటున్న ఫొటోలన్నింటినీ కంప్యూటర్‌లోకి తీసుకోండి. తర్వాత కార్డును చివరిదాకా నింపి, రాసినది రాసినట్టే ఉందో లేదో తిరిగి చదివి చూసే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షించండి. విండోస్‌కు హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌కు, మ్యాక్‌కు ఎఫ్‌3 అనేవి ఈ పనికి పేరున్నవి. పెద్ద కార్డుకు గంటల తరబడి పట్టవచ్చు, అయినా కొత్త కార్డు ఏది కొన్నా మొదటి ఫొటో తీయకముందే ఈ పరీక్ష చేయాలి, ఎందుకంటే వస్తువును తిరిగి ఇచ్చే గడువు అప్పటికి ఇంకా మిగిలి ఉంటుంది. నకిలీదని తేలితే దానిని చిన్న కార్డుగా మార్చుకుని వాడదామన్న ఆశ పెట్టుకోకండి. మోసం కోసం తీసుకున్న చిప్పు నాణ్యమైనదని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

ప్రశ్న: నిండిన కార్డులను అలాగే దాచి ఉంచి కొత్తవి కొంటున్నాను, కార్డులే నా ఆల్బమ్. ఇది సరైన పద్ధతేనా? పొరపాటున చెరిపేసిన ఫొటోలు తిరిగి వస్తాయా? ఒక కార్డు పక్కనుండే చిన్న తాళం ముక్క ఊడిపోయింది, అప్పటినుంచి కార్డు లాక్ అయిందని కెమెరా చెబుతోంది.

జవాబు: సరైన పద్ధతి కాదు. ఫ్లాష్ మెమరీ సమాచారాన్ని విద్యుదావేశం రూపంలో అతి చిన్న గదుల్లో బంధించి ఉంచుతుంది. ఆ ఆవేశం ఏళ్ల తరబడి కరెంటు లేకుండా పడి ఉంటే కొద్దికొద్దిగా కారిపోతుంది, వేడి ప్రదేశంలో ఇంకా త్వరగా పోతుంది. కార్డు ఫొటోలను మోసుకురావడానికి చేసినదే గాని దాచడానికి చేసినది కాదు. ఇంటికి రాగానే కనీసం రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసుకుని, రెండూ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. కంప్యూటర్‌లో ఫొటోలను ఒక్కొక్కటిగా తీసివేయడం కంటే ఇదే మంచిది, కెమెరా తనకు కావలసిన ఫోల్డర్ల అమరికను తానే కొత్తగా వేసుకుంటుంది.

చెరిపేసినప్పుడు సాధారణంగా ఫొటో సమాచారం వెంటనే మాసిపోదు, దాని చిరునామా మాత్రమే పట్టిక నుంచి పోతుంది. కాబట్టి ఆ క్షణం నుంచి ఆ కార్డు మీద ఒక్క ఫొటో కూడా తీయకుండా పక్కన పెట్టి, ఫొటోరెక్ వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో వెతికితే చాలావరకు దొరికే అవకాశముంది. దొరికిన వాటిని అదే కార్డులోకి కాక వేరేచోట భద్రపరచాలి.

తాళం ముక్క విషయంలో కంగారు పడనక్కరలేదు. దానికీ కార్డు లోపలి చిప్పుకూ సంబంధమే లేదు. కార్డు పేరు మీకు ఎదురుగా, పిన్నుల వైపు పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమ అంచున కనిపించే ఆ ప్లాస్టిక్ ముక్క పైకి ఉంటే రాయవచ్చు, కిందికి ఉంటే రాయకూడదు. స్లాట్‌లోని చిన్న మీట ఆ ముక్క ఎక్కడుందో తడిమి తెలుసుకుని కెమెరాకు చెబుతుంది. ముక్క ఊడిపోతే అక్కడ ఖాళీ ఏర్పడి, అది కిందికి జరిపిన ముక్కలాగే తగులుతుంది. ఆ ఖాళీ మీద సన్నని సెల్లో టేపు ముక్కను ముడతలు లేకుండా అంటిస్తే కెమెరా మళ్లీ రాయడం మొదలుపెడుతుంది. అయితే వేడికి జిగురు వదిలి టేపు స్లాట్‌లో ఇరుక్కుంటే కార్డు ఖరీదు కంటే మరమ్మతు ఖర్చే ఎక్కువవుతుంది. ఆ రోజు పని గడిచాక ఆ కార్డును పక్కన పెట్టి కొత్తది తీసుకోండి.